తనంతట తానాగిపోయిన యంత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ వేళ గ్రంథాలయపు గొప్పను చెప్పుకొనుట లోకాచారము. కొన్న పుస్తకములెన్ని, చేరిన సభ్యులెందరు, విరాళములొసగిన పుణ్యాత్ములెవరు అను వివరములు ఈ సంచికలో వేరొకచోట గలవు. ఈ ప్రసంగ విషయము అంత ఘనమైనది కాదు. తమలపాకుల పెట్టె యంత యున్న ఒక కంప్యూటరు మధ్యాహ్నవేళల తనంతట తానాగిపోవుటయు, దానిని మరల నడిపించుటయు, ఇంతయే కథ. అయినను ఆ చిన్న పెట్టె ఆగినందున ఒక విద్యార్థినికి ఒక సంవత్సరము పోయినది. గ్రంథాలయమునకు ఒక సంవత్సరపు పుస్తకముల సొమ్ము పోవలసి వచ్చి, తృటిలో తప్పినది. కావున ఈ కథ పదిమంది యెదుట చెప్పదగినది.

గ్రంథాలయమునకు శత్రువులు క్రొత్త కాదు. తాళపత్రముల కాలమున చెదపురుగును, తేమయు శత్రువులు. ఆకు పెళుసెక్కి విరుగకుండ నూనె రాచి, గుడ్డలో మూటగట్టి పెద్దలు వానిని కాపాడిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై కొల్లిపర నుండి పెదవడ్లపూడి వరకు పడవ గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకము పాఠకుని వద్దకు కాలువ దారిని పోవలెనన్న, ముందు ఆ పుస్తకము తడవకుండ ఉండవలెను గదా! ఏ కాలమునందైనను గ్రంథాలయ సేవ యనగా పుస్తకము నిచ్చుట యెంతయో, దానిని కాపాడుటయు అంతయే. నేడు పుస్తకముల పట్టికయు, చందాదారుల ఖాతాయు, విద్యార్థుల దరఖాస్తులును కంప్యూటరులోనికి చేరినవి. చెదకును తేమకును తోడు వేడియను మూడవ శత్రువు వచ్చినది.

సఖినేటిపల్లి వసిష్ఠ గోదావరి యొడ్డున, సముద్రమునకు చేరువ నున్న ఊరు. ఇచ్చటి గాలిలో తేమ యున్నది, ఉప్పున్నది, కొబ్బరి పీచు దుమ్మున్నది. వైశాఖ జ్యేష్ఠములలో ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఇట్టిచోట గ్రంథాలయమున ఒక మినీ కంప్యూటరు నెలకొల్పబడినది. పెద్దపెట్టె కంప్యూటరు కంటె ఇది చోటు తక్కువ పట్టును, కరెంటు తక్కువ త్రాగును. సభ్యులు సంతసించిరి. దొంగల భయముచేత సంఘమువారు దానికొక టేకు చెక్క అలమార చేయించి తాళము వేయించిరి. తెరయు మీటల పలకయు మాత్రము బయట నుండెను. దుమ్ము పడకుండ ఒక తల్లి తన చేతితో పూవులు కుట్టిన ముసుగు గుడ్డను బహూకరించెను. స్థలము కలిసివచ్చునని కరెంటు పోయినపుడు ఆదుకొను యూపీఎస్ పెట్టెపైననే ఆ కంప్యూటరును కూర్చుండబెట్టిరి. అందరును ప్రేమతోనే చేసిరి.

రెండు సంవత్సరములు ఏ లోపమును లేక నడిచినది. మూడవ సంవత్సరము మాఘమాసమునుండి అది గుయ్యిమని పెద్దగా చప్పుడు చేయసాగెను. చదువుకొనువారు విసుగుకొనిరి. కొలది వారములకు నడక మందగించెను. ఒక పుస్తకము పేరు వెదకుటకు మునుపటికంటె ఎంతో సేపు పట్టుచుండెను. "పాతబడిపోయినది" అని అందరును సరిపెట్టుకొనిరి. చైత్రమున ఒకనాటినుండి చప్పుడు తగ్గిపోయెను. గ్రంథాలయము ప్రశాంతమైనదని అందరును సంతోషించిరి. ఆ సంతోషము పదిదినములు మాత్రమే నిలిచెను. పదునొకండవనాడు మధ్యాహ్నము రెండు గంటలకు, గ్రంథపాలకుడు ఖాతా వ్రాయుచుండగనే తెర నల్లబడి యంత్రము ఆగిపోయెను. అటుపిమ్మట ప్రతిదినమును అదే తీరు.

సరిగా ఆ దినములలోనే పై చదువునకు దరఖాస్తు పెట్టుకొనుటకు ఒక విద్యార్థిని గ్రంథాలయమునకు వచ్చెను. ఇంటిలో కంప్యూటరు లేదు. గడువు చివరి దినము. ఆమె వివరములన్నియు నింపి ధ్రువపత్రములు జతచేయుచుండగా యంత్రము ఆగెను. మరల నడిపించి మొదటినుండి నింపెను. మరల ఆగెను. మూడవసారి పది నిమిషములైనను నిలువలేదు. తండ్రి పనినుండి వచ్చి ఆమెను వెంటబెట్టుకొని రేవు దాటి నరసాపురము చేరునప్పటికి ప్రొద్దుపోయినది. అచ్చట దుకాణములో కూర్చుండి సగము నింపునప్పటికి గడువు ముగిసిపోయెను. ఆ సంవత్సరమునకు ఆమె దరఖాస్తు చేరలేదు.

ఆ వారమే సంఘము సమావేశమయ్యెను. ఒకరు వోల్టేజి దోషమనిరి. ఒకరు వైరస్ అనిరి. ఒకరు యంత్రమే నాసిరకమనిరి. కోశాధికారి లెక్క చూచి, క్రొత్త యంత్రము కొనవలెనన్న ఆ యేటికి పుస్తకముల కొనుగోలు మానుకొనవలసి వచ్చునని తెలిపెను. అయినను గత్యంతరము లేదని, పాతదానిని సామాను కొనువానికిచ్చి క్రొత్తదానిని కొనుటకు తీర్మానము వ్రాయబోవుచుండగా, తలుపు కడ నిలుచున్న ఆ విద్యార్థిని, "దానిని పారవేయుటకు ముందు ఎందుకు ఆగుచున్నదో చూడవచ్చునా అండీ?" అని అడిగెను. సంఘమువారికి ఆమె ముఖము చూచుటకే సిగ్గయ్యెను. తీర్మానమును పదునైదు దినములు వాయిదా వేసిరి.

ఆమె ఏమి చేసెనో చెప్పుటకు ముందు, ఇట్టి యంత్రములకు వేడియేల కలుగుననునది తెలియవలెను. అందులకు కొంచెము వెనుకకు పోవలెను.

1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను కంప్యూటరులో రమారమి 18,000 వాల్వులుండెను. అది ఒక పెద్ద సాలనంతయు నాక్రమించి, సుమారు 150 కిలోవాట్ల కరెంటు త్రాగెడిది. అంతటి వేడిని బయటికి పంపుటకు దానికి వేరుగా గాలి యంత్రములు కావలసివచ్చెను. భారతదేశమునకు మొదటి డిజిటల్ కంప్యూటరు 1955లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చినది. 1960లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ స్వయముగా టిఫ్రాక్ అను కంప్యూటరును నిర్మించి నడిపించినది. అవియును వాల్వులతో పనిచేసినవే.

ఈ చరిత్రలో వసిష్ఠకు ఆవలి యొడ్డు వారికి గర్వకారణమైన పేరొకటి కలదు. భీమవరము ప్రాంతమున మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్స్ విభాగమును పెంచి, 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నెలకొనగా దానికి సారథ్యము వహించిరి. వీరినే ఏ.ఎస్. రావుగారని లోకమెరుగును. హైదరాబాదులో వారి పేర ఒక నగరమే వెలసినది. ఆ సంస్థ 1969లో టీడీసీ 12 అను కంప్యూటరును వెలువరించినది. టీడీసీ యనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. మన దేశమున తయారై విక్రయమునకు వచ్చిన తొలి కంప్యూటరులలో అది యొకటి. ఆ తరగతి యంత్రములను నాడు మినీ కంప్యూటరులనెడివారు. మినీ యనిన మాత్రమున ఒడిలో పెట్టుకొనునది కాదు. బీరువా యంత యంత్రము. గదియంత యంత్రము ముందు బీరువా చిన్నదే గదా!

నాటి కంప్యూటరునకును నేటి కంప్యూటరునకును పరిమాణములో తేడా యున్నమాట నిజమే. అంతకు మించిన తేడా మరొకటి గలదు. నాటి కంప్యూటరునకు సాధారణముగా చల్లని గది యుండెడిది. దానిని చూచుకొనుటకు చదువుకొన్న ఉద్యోగులుండెడివారు. వేడిని బయటికి పంపు భారము ఆ గది మోసెడిది. నేటి మినీ కంప్యూటరు అరచేతిలో పట్టును. దానికి చల్లని గది లేదు, ఉద్యోగి లేడు. వేడిని వెడలగొట్టు భారమంతయు లోపలనున్న చిన్న ఫ్యానుపైనను, రాగి లేక అల్యూమినియపు రేకుల దిమ్మపైనను పడినది. ఆ రేకుల దిమ్మనే హీట్ సింకు అందురు. బయట గాలి యాడునట్లు చూచు పని మాత్రము యజమానికి మిగిలియున్నది. ఆ సంగతి యజమానికి ఎవరును చెప్పలేదు.

కంప్యూటరులోనికి పోయిన కరెంటు దాదాపు అంతయు చివరకు వేడియై తేలును. చిన్న యంత్రము ముప్పది వాట్లు త్రాగినదనుకొనుడు. పాతకాలపు తీగ బల్బు నలుబది వాట్లది చేతితో ముట్టుకొన్న చురుక్కుమనుట అందరికి అనుభవమే. అట్టి వేడిలో చాల భాగము ఇక్కడ గోరంత స్థలములో, ప్రాసెసరు అను ఒక బిళ్ళలో పుట్టుచున్నది. అది పుట్టినంతనే బయటికి పోవలెను. వచ్చినది వచ్చినట్లు పోయిన లెక్క సరిపోవును. రాక నిలకడగానుండి పోక తగ్గినచో నిలువ పెరుగును. వేడికిని జమాఖర్చు లెక్క ఇదియే.

కోనసీమ రైతునకు ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు. వరిచేనికి నీరు ప్రాణము. కాలువనీరు ఎంత చక్కగా వచ్చినను, మురుగు కాలువ పూడి, గుర్రపుడెక్క అల్లుకొనిపోయినచో ఆ ప్రాణము వంటి నీరే చేనిని కుళ్ళజేయును. 2011లో కోనసీమ రైతులు సార్వాపంట వేయక విరామము ప్రకటించినపుడు చెప్పుకొన్న బాధలలో మురుగు పారుదల లేకపోవుటయు ఒకటి. కంప్యూటరులో కరెంటు కాలువనీరు వంటిది. ఫ్యాను, రేకుల దిమ్మ, గాలిరంధ్రములు మురుగు కాలువ వంటివి. తప్పు వచ్చు నీటిది కాదు, పోవు దారిది.

ఇక ఆగిపోవుట యేల? ప్రాసెసరులో వేడిని కనిపెట్టు సాధనము నిర్మాణములోనే అమర్చబడియుండును. వేడి పెరిగినపుడు యంత్రము మూడు మెట్లుగా తన్ను తాను కాచుకొనును. మొదటి మెట్టున ఫ్యాను వేగమును పెంచును. అదియే చప్పుడు. రెండవ మెట్టున పని వేగమును తానే తగ్గించుకొనును. పలు ప్రాసెసరులలో ఇది సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద జరుగును. 2012లో వెలువడి పిల్లల చేతులలోనికి కూడ పోయిన రాస్బెరీ పై అను చిన్న కంప్యూటరు వంశమున ఇది 80, 85 డిగ్రీల వద్దనే మొదలగును. అదియే నత్తనడక. ఆ రెండును చాలక వేడి ఇంకను పెరిగినచో మూడవ మెట్టున కరెంటును త్రెంచివేసికొనును. అపాయము రాగా కూర్మము తన అవయవములను లోనికి ముడుచుకొనునట్లు అది ముడుచుకొనును. ఆగకపోయినచో లోపలి బిళ్ళ మాడి, ఇక ఎన్నటికిని లేవదు. ఈ కాపుదల లేని కాలమున హీట్ సింకు ఊడిన ప్రాసెసరులు కాలిపోయిన సందర్భములు గలవు. కావున ఆగిపోవుట రోగము కాదు, రక్ష. రోగము మరొకచోట నున్నది.

ఇప్పుడు మరల కథలోనికి వత్తము.

ఆ విద్యార్థిని పెదతండ్రి వరుసయైన ఒక వృద్ధుడు ఆయిలు ఇంజనుల మెకానిక్కు. చేల గట్ల మీద నీటి ఇంజనులను, పడవ ఇంజనులను బాగుచేసి జీవితము గడపినవాడు. కంప్యూటరును ఎన్నడును ముట్టినవాడు కాడు. ఆమె ఆయనను గ్రంథాలయమునకు తోడ్కొని వచ్చెను. ఆయన యంత్రము వంక చూడక ముందుగా గ్రంథపాలకుని అడిగిన ప్రశ్నలు ఇవి. "ఏ వేళప్పుడు ఆగుతుందండి? మొదలెట్టిన ఎంతసేపటికి ఆగుతుంది? ఆగిన వెంటనే మీట నొక్కితే లేస్తుందా? లేస్తే ఈసారి ఎంతసేపు ఉంటుంది?" ఏ ప్రశ్నకును సమాధానము ఎవరికిని సరిగా తెలియదు. అందరును యంత్రము చెడినదని ఎరుగుదురు గాని, ఎట్లు చెడినదో గమనించినవారు లేరు.

విద్యార్థిని ఒక నోటు పుస్తకము తీసికొని మూడు దినములు లెక్క వ్రాసెను. ఉదయము ఏడు గంటలకు మొదలిడిన రెండు గంటలు నడిచెను. మధ్యాహ్నము మొదలిడిన ఇరువది నిమిషములకు ఆగెను. ఆగిన వెంటనే నడిపించిన నాలుగైదు నిమిషములకే మరల ఆగెను. అరగంట విశ్రాంతి నిచ్చి నడిపించిన మరల ఇరువది నిమిషములు నిలిచెను. ఈ నాలుగు వాక్యములలో రోగమంతయు బయటపడినది. కరెంటు దోషమైనచో వేళాపాళా లేకుండ ఆగవలెను గాని విశ్రాంతిని గుర్తించదు. విశ్రాంతి కొలది బలము వచ్చుచున్నదన్న అది వేడియే కావలెను.

అయినను ఆమె ఊహతో తృప్తి పడలేదు. ఒక ఉపాధ్యాయుని వద్ద అవే వోల్టులు, అవే ఆంపియరులు గల అడాప్టరును ఎరువు తెచ్చి తగిలించి చూచెను. తేడా లేదు. వైరస్ వంటిది ఏదైన లోలోపల పని చేయించుచున్నదేమోయని, నడుచుచున్న పనుల పట్టికను తెరచి చూచెను. యంత్రము దాదాపు ఊరకనే యున్నది, ఊరకున్నను వేడెక్కుచున్నది. మొదలిడునపుడు కనబడు అమరికల పుటలో వేడి అంకె యొకటి కలదు. ఆ పుటను తెరచి ఊరక చూచుచుండగనే అరువదినుండి డెబ్బదికి, డెబ్బదినుండి ఎనుబదికి, తొంబదికి అంకె ఎక్కుచుండెను. అప్పుడు వృద్ధుడు అలమారకు చెవియొగ్గి విని, "ఫ్యాను తిరగట్లేదమ్మా" అనెను. చైత్రమున చప్పుడు తగ్గినదని అందరును సంతోషించిన దినమే ఆ ఫ్యాను ఆగిపోయిన దినము. రోగి మూలుగు మానిన, నయమైనదనుకొనిరి.

గ్యారంటీ గడువు ముగిసినది గనుక విప్పుటకు అభ్యంతరము లేకుండెను. గడువున్నచో విప్పక అమ్మినవారికే చూపవలెను. వారు ముందుగా పుస్తకముల పట్టికకును సభ్యుల ఖాతాకును నకలు తీసి వేరొక డిస్కులో భద్రపరచిరి. తరువాత యంత్రమును ఆపి, అడాప్టరు తీగను ఊడబీకి, మీటను కొంతసేపు నొక్కిపట్టి లోపల మిగిలిన కరెంటును పోగొట్టిరి. చల్లారనిచ్చిరి. ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవుటకు ఇనుప కిటికీ చువ్వను ముట్టుకొనిరి. విప్పిన మరలను ఒక తెల్లకాగితముపై, ఏ మూలది ఆ మూల గీసిన బొమ్మమీద, వరుసగా పెట్టిరి. ఆ పద్ధతి వృద్ధునిది. ఇంజను విప్పునాడు గోనెపట్టామీద అట్లే పెట్టెడివాడట.

మూత తీయగా లోపల కనబడినది దుమ్ము కాదు, దుప్పటి. కొబ్బరి పీచు నలుసులు, కాగితపు పొడి, తేమతో కలిసి రేకుల సందులలో నమదా వలె గట్టిపడియుండెను. ఫ్యాను ఇరుసు చుట్టును పీచు చుట్టుకొనియుండెను. ఉప్పుగాలికి ఇరుసు బిగుసుకొనిపోయెను. మెత్తని కుంచెతో, చేతిపంపు గాలితో ఆ దుమ్మునంతయు ఆరుబయట దులిపిరి. గాలి కొట్టునపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలెను. పట్టుకొనకున్న అది విపరీత వేగమున తిరిగి ఇరుసు చెడును. నోటితో ఊదరాదు, ఉమ్మి తేమ లోపల పడును. తడిగుడ్డ సుతరామును పనికిరాదు. ఫ్యాను తిరిగెను గాని గరగరమనెను. అదే నంబరు గల క్రొత్త ఫ్యానును తపాలా ద్వారా తెప్పించిరి.

ఫ్యాను వచ్చువరకు రెండవ పని చేసిరి. ప్రాసెసరు బిళ్ళకును హీట్ సింకునకును నడుమ ఒక లేపనముండును. దానిని థర్మల్ పేస్టు అందురు. రెండు లోహపు ముఖములు ఎంత నునుపైనను కంటికి కనబడని గుంటలుండును. ఆ గుంటలలో గాలి నిలిచిన వేడి దాటదు. ఆ సందులను పూడ్చి వేడిని దాటించుటయే లేపనము పని. ఏండ్ల తరబడి వేడికి అది ఎండి, సున్నము పొడి వలె రాలిపోయినది. హీట్ సింకు మరలను ఒక మూల విప్పి తరువాత దాని ఎదుటి మూలను, ఇట్లు కొంచెము కొంచెముగా వదులు చేసి తీసిరి. పాత లేపనమును ఐసోప్రొపైల్ స్పిరిటుతోను, పోగులూడని గుడ్డతోను తుడిచిరి. క్రొత్త లేపనము వరిగింజంత పెట్టిరి. ఎక్కువ పెట్టిన ఎక్కువ మేలు కాదు. అది పొంగి ప్రక్కలకు కారును, మందమైన పొర వేడికి అడ్డు నిలుచును. మరల బిగించునపుడును ఎదురెదురు మూలలను మార్చి మార్చి బిగించిరి. లారీ చక్రము బిగించు పద్ధతియే అది.

ఈ మరమ్మతునకైన ఖర్చు క్రొత్త యంత్రము వెలలో లెక్కకు రానిది. కాని మరమ్మతుతో పని ముగియలేదు. రోగము పుట్టిన చోటును మార్చకున్న రోగము మరల వచ్చును.

గదిలోని గాలి వేడికంటె యంత్రము చల్లబడజాలదు. గదిలో 25 డిగ్రీలున్నపుడు ప్రాసెసరు 75కు చేరినచో, ఆ తేడా యేబది. అదే గది వేసవిలో 40కి చేరిన, అదే పనికి ప్రాసెసరు రమారమి 90కి చేరును. మూసిన అలమారలో తాను విడిచిన వేడిగాలినే తాను పీల్చుచు, క్రింద యూపీఎస్ వేడిని కూడ భరించుచున్నపుడు ఆ గాలి నలుబది దగ్గర ఆగదు. అందుచేతనే శీతకాలమున నడిచినది వేసవిలో ఆగెను. సంఘమువారు వడ్రంగిని పిలిపించి అలమార వెనుక చెక్కను తీయించి దొంగభయము లేని ఇనుప జాలిని అమర్చిరి. యూపీఎస్‌ను వేరుచోటికి మార్చిరి. పడమటి గోడకున్న అలమారను ఉత్తరపు గోడకు జరిపిరి. కంప్యూటరు చుట్టును జానెడు ఖాళీ విడిచిరి.

ముసుగు గుడ్డ విషయమున మాత్రము అందరును సందేహించిరి. కుట్టి ఇచ్చిన తల్లి నొచ్చుకొనునని ఎవరును చెప్పజాలకపోయిరి. చివరకు ఆమెయే వచ్చి సంగతి విని, "బిడ్డ కొక్కిరించుచుంటే దుప్పటి కప్పాను గాని, ఊపిరాడక అని తెలియలేదు" అని నవ్వెను. గుడ్డను తీసివేయలేదు. రాత్రి యంత్రము ఆపి చల్లారిన తరువాత కప్పుట, ఉదయము తీసి మడత పెట్టుట అను నియమము పెట్టిరి. నేటికిని అట్లే జరుగుచున్నది.

క్రొత్త ఫ్యాను బిగించిన దినము మిట్టమధ్యాహ్నము రెండు గంటలకు సంఘమువారందరు చుట్టును నిలుచుండగా యంత్రమును నడిపించిరి. ఇరువది నిమిషములు గడచెను. గంట గడచెను. సాయంకాలము దీపములు పెట్టువరకు అది ఆగలేదు. విద్యార్థిని నోటు పుస్తకములో ఆ దినపు పుటపై "ఆగలేదు" అని ఒక్క మాట వ్రాసెను. వాయిదా పడిన తీర్మానము రద్దయ్యెను. పుస్తకముల సొమ్ము పుస్తకములకే పోయెను.

ఇండ్లలో ఇట్టి యంత్రములున్నవారికి ఈ కథ వలన కొన్ని మాటలు గుర్తుండిన చాలును. చప్పుడు పెరిగినపుడే, నడక మందగించినపుడే చూడవలెను, ఆగువరకు వేచియుండరాదు. చప్పుడు హఠాత్తుగా మానినచో సంతోషింపక ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూడవలెను. కొబ్బరితోటల నడుమ, సముద్రపు గాలిలో నున్నవారు ఆరు మాసములకొకసారి దుమ్ము దులిపించవలెను. చల్లబరచుటకు మంచుగడ్డలు, తడిగుడ్డలు పెట్టరాదు, నీటి చెమ్మ యంత్రమును చంపును. గడ్డుకాలమున శక్తి అమరికలలో అత్యధిక వేగమును కొంత తగ్గించిన పని కొంచెము నెమ్మదించినను ఆగకుండ నడచును. వేడికి ఆగు కాపుదలను తొలగించు ఉపాయమెవరైన చెప్పినచో వినరాదు. కావలివానిని పంపివేసి దొంగలు లేరనుకొనుట వంటిది అది. విప్పుటకు చేయి తిరగనివారు తెలిసినవారిచేత విప్పించుటలో చిన్నతనము లేదు. కాని ఎప్పుడు, ఎంతసేపటికి ఆగుచున్నదను లెక్క మాత్రము ఎవరైనను వ్రాయవచ్చును. ఆ లెక్క లేనిదే ఎంతటి నేర్పరియు చీకటిలో తడుముకొనును.

ఆ విద్యార్థిని పోగొట్టుకొన్న సంవత్సరమును ఏ మరమ్మతును తిరిగి ఈయజాలదు. సంఘమువారు ఆ మాటను మినిట్సు పుస్తకములో వ్రాయించుట ప్రశంసనీయము. తప్పును వ్రాసికొనని సంస్థ దానిని మరల చేయును. మరుసటి సంవత్సరము దరఖాస్తుల కాలము వచ్చినపుడు ఆమె నరసాపురము పోలేదు. ఇదే యంత్రము ముందు కూర్చుండి, గడువునకు వారము దినములు ముందుగా తన దరఖాస్తును పంపెను. తరువాత మరి నలుగురు పిల్లల దరఖాస్తులను తానే దగ్గరుండి నింపించెను. ఆ దినములలో ఆమె నోటు పుస్తకము బల్లపైననే యుండెను. నేడది గ్రంథాలయమునకు చేరినది. పుస్తకముల పట్టికలో దానికొక సంఖ్య యున్నది. కోరిన సభ్యులెవరైనను తీసి చదువవచ్చును.

వచ్చిన నీరు పోవు దారిని చూచుకొన్న రైతు చేను పండును. పుట్టిన వేడి పోవు దారిని చూచుకొన్న గ్రంథాలయము దీపమును నిలుచును. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక అని కోరుచు ఈ ప్రసంగము ముగింపబడుచున్నది. స్వస్తి.